తాతయ్యకి టెస్ట్ చేయిద్దామా?

మొన్న సెలవులకి ఇంటికెళ్తే అమ్మ ఫోన్ చూపించింది. "చిన్న రక్త పరీక్షతో క్యాన్సర్ ముందే తెలిసిపోతుందంట. తాతయ్యకి చేయిద్దామా?" తాతయ్య నలభై ఏళ్ళుగా చుట్ట కాలుస్తారు. నేను చదివేది కంప్యూటర్ సైన్సే అయినా, ఇంట్లో సైన్స్ అంటే నేనే కదా! చదివి చెప్తానన్నాను.

ఒంట్లోకి క్రిములు వస్తే వాటిని పట్టుకునే ప్రొటీన్లు యాంటీబాడీలు. అవి ఒక్కోసారి మన సొంత ప్రొటీన్ల మీదే తయారవుతాయి. అవే ఆటోయాంటీబాడీలు. ఉదాహరణకి పీ53 అనే ప్రొటీన్ మన కణాలకి కాపలాదారు. డీఎన్‌ఏ దెబ్బతింటే కణం విభజన చెందకుండా ఆపుతుంది. దాని జన్యువు చెడిపోతే, పాడైన ప్రొటీన్ కణంలో పేరుకుపోతుంది. ఇమ్యూన్ సిస్టమ్ దాన్ని పరాయిదనుకొని యాంటీబాడీలు తయారుచేస్తుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చిన కొందరి రక్తంలో వీటిని 1982లోనే గుర్తించారు. గడ్డ చిన్నగా ఉన్నా యాంటీబాడీలు ఎక్కువగా తయారవ్వొచ్చు. అంటే చిన్న సిగ్నల్‌ని శరీరమే పెద్దది చేసి చూపిస్తుందన్నమాట.

మరి ఎంతవరకు నమ్మొచ్చు? స్కాట్లాండ్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎక్కువున్న 12,208 మందితో ఒక ట్రయల్ చేశారు. అందులో సగం మందికి, అంటే 6,087 మందికి, ఏడు రకాల ఆటోయాంటీబాడీలు వెతికే టెస్ట్ చేశారు. 598 మందికి పాజిటివ్ వచ్చింది. రెండేళ్ళలో వాళ్ళలో క్యాన్సర్ బయటపడింది 18 మందికే. నెగటివ్ వచ్చినవాళ్ళలో 38 మందికి బయటపడింది! మా ల్యాబ్ భాషలో చెప్పాలంటే ప్రిసిషన్ 3 శాతం, రీకాల్ 32 శాతం. మా మేడమ్ ఇలాంటి మోడల్‌కి మార్కులు వేయరు.

అయినా టెస్ట్ వృథా కాదు. పాజిటివ్ వచ్చినవాళ్ళకి సీటీ స్కాన్లు తీస్తూ వచ్చారు. ముదిరిన దశలోనో, దశ తేలకుండానో బయటపడ్డ క్యాన్సర్లు టెస్ట్ చేయని గుంపులో 52 ఉంటే, చేసిన గుంపులో 33 మాత్రమే. అంటే ఈ టెస్ట్ తీర్పు చెప్పదు, ఎవరిని ముందు స్కాన్ చేయాలో చెప్తుంది.

అమ్మకి అదే చెప్పాను. పాజిటివ్ వస్తే స్కాన్ ఉంది. నా భయం నెగటివ్ గురించే. "నాకేం లేదట" అని తాతయ్య ఇంకో చుట్ట వెలిగిస్తారు. అందుకే ముందు డాక్టర్‌ని కలుద్దాం, చుట్ట మాన్పిద్దాం అన్నాను.

ఈ వారం రెండే కాల్చానని తాతయ్య ఫోన్‌లో చెప్పారు. నేను నమ్మలేదు. కానీ రోజూ అడుగుతున్నాను.