సజ్జ మీది సూట్‌కేసులు: భోగికి ముందు ఒక ఇంటి పాఠం



భోగి వస్తోందంటే ఇల్లు దులుపుతాం. బూజులు, పాత చాపలు, విరిగిన కుర్చీలు అయ్యాక చూపు సజ్జ మీదికి వెళ్తుంది. పెళ్లికి కొన్న గట్టి సూట్‌కేసు, చక్రం ఊడిన ట్రాలీ బ్యాగు, తాతయ్యగారి ట్రంకు పెట్టె అక్కడే ఉంటాయి. "ఎందుకివి, తీసేద్దాం" అని ఒకరు, "ఉండనీ, ఎప్పుడైనా పనికొస్తాయి" అని ఇంకొకరు. ఏటా అవే మాటలు, ఏటా పెట్టెలు అక్కడే. ఈ నెల వాటినే పాఠంగా తీసుకుందాం. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక ఆదివారం ఉదయం పూర్తి చేయదగిన పని ఇది.

మొదటి మెట్టు: తెరిచి చూడండి

మా ఇంట్లో జరిగినది చెబుతాను. మన ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది. దాని కోసం ఆ తర్వాతి ఏళ్లలో ఖాళీ చేసిన ఊళ్లలో మా నాన్నగారిది ఒకటి. అక్కడి నుంచి తెచ్చుకున్న సామానులో ఒక పాత సూట్‌కేసు ఉండేది. ఒక సంక్రాంతికి అమ్మ దాన్ని పాత సామాన్ల బండికి ఇచ్చేసింది. రాత్రి భోజనాల దగ్గర నాన్న అడిగారు, "మూత లోపలి అర చూశావా?" అని. అందులో ఊరి బడి ముందు నిలబడి తీయించుకున్న ఫొటో ఉందట. మూడో రోజు దుకాణం వెతికి పట్టుకున్నాం. డొల్ల దొరికింది, లోపలి గుడ్డ అప్పటికే చింపేశారు. ఫొటో దొరకలేదు. ఇప్పుడు ఆ బడీ లేదు, ఆ ఊరూ లేదు. నాన్న అమ్మను ఒక్క మాట అనలేదు. అమ్మకు అదే ఎక్కువ బాధ అయింది. అదృష్టవశాత్తూ నిర్వాసితుల ఆర్-కార్డు బీరువాలో ఉంది కాబట్టి సరిపోయింది.

అందుకే మొదటి నియమం: ప్రతి జేబూ, మూత అరా, అడుగు గుడ్డ కిందా చేయి పెట్టి చూడాలి. పొలం పాసుపుస్తకాలు, మార్కుల జాబితాలు, పాత బ్యాంకు బాండ్లు, ఉత్తరాలు దాచుకునేది ఇలాంటి చోట్లే. ఇంట్లో పెద్దవాళ్లను అడగకుండా ఏ పెట్టెనూ గడప దాటించవద్దు.

రెండో మెట్టు: పెట్టె కథ వినండి

ఉత్తరాంధ్ర ఇళ్లలో ట్రంకు పెట్టె చాలాసార్లు ప్రయాణపు గుర్తు. మనవాళ్లు రంగూన్‌ను 'రంగం' అనేవారు. ఓడల్లో పనికి వెళ్లి, పెట్టెలతో తిరిగి వచ్చేవారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక ఎంతోమంది ఉన్నపళంగా బయలుదేరారు. కొందరు కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద కూడా బాంబులు పడ్డాయి. ఆ రోజుల్లో మనిషి వెంట ఏం తీసుకెళ్లగలడన్నది ఒక పెట్టె నిర్ణయించేది. మీ ఇంటి పెట్టె ఎక్కడి నుంచి వచ్చిందో తాతయ్యనో అమ్మమ్మనో అడిగి, పిల్లల చేత ఐదు వాక్యాలు రాయించండి. పెట్టెతో పాటు ఒక ఫొటో కూడా తీయండి. కథ భద్రమైతే, పెట్టెను వదలడం కొంత తేలికవుతుంది.

మూడో మెట్టు: నాలుగు వరసలు

ఇప్పుడు పెట్టెలన్నీ హాల్లో వరసగా పెట్టి, జిప్పు, తాళం, పిడి, చక్రాలు పరీక్షించండి.

1. ఉంచుకునేవి. ఇంటికి ఒకటి రెండు చాలు. చక్రాలున్న సూట్‌కేసుకు అమెరికాలో పేటెంటు వచ్చింది 1972లో. మన ఇళ్లకు అది చేరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. అందుకే పాత పెళ్లి సూట్‌కేసులకు చక్రాలు ఉండవు, పైగా బరువు. విదేశీ ప్రయాణంలో సాధారణంగా ఒక్కో పెట్టెకు 23 కిలోలే అనుమతి. ఖాళీ పెట్టే ఐదారు కిలోలుంటే సామానుకు మిగిలేదెంతో పిల్లల్నే లెక్క కట్టమనండి.

2. ఇచ్చేవి. హాస్టల్లో చదివే పిల్లలకు తాళం పడే ట్రంకు పెట్టె నిజంగా అవసరం. నెలల తరబడి గుజరాత్‌లోని వేరావల్‌కు వేటకు వెళ్లే మత్స్యకారులకూ, పనికి ఊళ్లు మారే కూలీలకూ గట్టి బ్యాగు ఉపయోగపడుతుంది. ముందు "మీకు కావాలా?" అని అడగండి. తుడిచి, ఎండబెట్టి, తాళంచెవితో సహా ఇవ్వండి. మన చెత్తను ఇంకొకరి ఇంటికి పంపడం దానం కాదు.

3. మార్చి వాడుకునేవి. వీటి గురించి కింద వివరంగా చెప్పాను.

4. తుక్కుకు వెళ్లేవి. పిల్లల చేతికి ఒక అయస్కాంతం ఇవ్వండి. ట్రంకుకు అతుక్కుంటుంది, అది ఉక్కు రేకు. ఉక్కును ఎన్నిసార్లు కరిగించినా మళ్లీ ఉక్కే. మన కర్మాగారంలో కూడా కన్వర్టర్లలో ద్రవ ఇనుముతో పాటు కొంత తుక్కు వేస్తారు. లాగే పిడి గొట్టాలు చాలావరకు అల్యూమినియం, దానికీ ధర వస్తుంది. గట్టి డొల్ల ప్లాస్టిక్. త్రికోణంలో 5 ఉంటే పాలీప్రొపిలీన్, 7 అంటే ఇతర రకాలు. గుడ్డ, ప్లాస్టిక్, లోహం కలిసి కుట్టిన మెత్తని బ్యాగు విడదీయడం కష్టం. వీలైనంత విడదీసి పొడి చెత్తలో ఇవ్వండి.

తుపాను పెట్టె

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు మనలో చాలామందికి గుర్తే. కిటికీలు పగిలి, గదుల్లోకి వాన కొట్టింది. కాగితాలు తడిసిపోయిన ఇళ్లెన్నో. మన తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల కాలం. మూత బిగుతుగా పడే చిన్న గట్టి సూట్‌కేసును దానికి సిద్ధం చేయండి. ముఖ్యమైన కాగితాలు ప్లాస్టిక్ కవర్లలో, టార్చి, బ్యాటరీలు, రోజూ వేసుకునే మందులు, కొంత నగదు, ఫోన్ నంబర్లు రాసిన కాగితం అందులో ఉండాలి. దాన్ని సజ్జ మీద కాకుండా చేతికందే ఎత్తులో పెట్టండి. ఏటా సెప్టెంబరులో ఒకసారి తెరిచి, మందుల గడువు చూడండి.

దుప్పట్లు దాచడానికి ట్రంకు వాడితే, సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా లోపలా బయటా రంగు వేయించండి. పురుగు పట్టకుండా ఎండిన వేపాకు, వసకొమ్ము వేయవచ్చు. నాఫ్తలీన్ ఉండలు పసిపిల్లలకు అందనివ్వవద్దు.

మూడు జాగ్రత్తలు

ఒకటి, పిల్లలు దాగుడుమూతల్లో పెద్ద ట్రంకుల్లో దూరతారు. బయట గొళ్లెం పడితే లోపల గాలి ఆడదు. ఖాళీ ట్రంకుకు తాళం వేసి ఉంచండి, లేదా గొళ్లెం తీసేయండి.

రెండు, పాత పెట్టెలను డాబా మీద పడేయవద్దు. మూతలో నిలిచే కొద్దిపాటి నీరు చాలు, వారం పది రోజుల్లో డెంగీ దోమ తయారవుతుంది.

మూడు, భోగి మంటలో సూట్‌కేసు వేయవద్దు. రెక్సిన్, ప్లాస్టిక్ కాలితే విషపు పొగ వస్తుంది. ఆ పొగ చుట్టూ నిలబడేది మన పిల్లలే. భోగి మంటకు పిడకలు, ఎండు కట్టెలు చాలు.

పిల్లలకు ఇంటిపని

3 నుంచి 5 తరగతులు: మీ ఇంట్లోని ఒక పెట్టె బొమ్మ గీసి, దాని కథ ఐదు వాక్యాల్లో రాయండి.

6 నుంచి 8 తరగతులు: 75 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 30 ఎత్తు ఉన్న సూట్‌కేసులో 112.5 లీటర్ల చోటు ఉంటుంది. మీ సజ్జ మీది పెట్టెలన్నీ కలిపి ఎంత చోటు ఆక్రమించాయో కొలిచి చెప్పండి. ఒకదానిలో ఒకటి పెడితే ఎంత మిగులుతుంది?

9, 10 తరగతులు: ఒక పాత పెట్టెలోని పదార్థాల జాబితా రాసి, ఒక్కొక్కటి చివరికి ఎక్కడికి చేరాలో తెలపండి.

ఒక్క ఆదివారంలో అన్నీ తేలకపోవచ్చు. పెద్దవాళ్లు వదలలేని పెట్టె ఒకటి ఉంటే ఉండనివ్వండి. దాన్ని సజ్జ మీద నుంచి దింపి, తుడిచి, అందులో వాళ్ల ఫొటోలూ ఉత్తరాలూ పెట్టి, పైన పేరు రాయండి. మా నాన్నగారికి ఇప్పుడు అలాంటి పెట్టె ఒకటి ఉంది.

మీ అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు.