వేసవి ఉరుముల వాన - మూడు గంటల ముందుచూపు



చైత్ర వైశాఖాల్లో మన బరంపురంలో మధ్యాహ్నం దాకా ఎండ మండిపోతుంది. సాయంత్రానికి పడమటి దిక్కున నల్లని మబ్బు లేస్తుంది. గాలిదుమారం, ఉరుములు, పిడుగులు, కుండపోత వాన, అన్నీ గంటసేపట్లో ముగుస్తాయి. ఒడియాలో దీన్ని 'కాళబైశాఖి' అంటారు. దీని గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఎలా పుడుతుంది?

బంగాళాఖాతం నుంచి తేమగాలి నేలమీదికి వస్తుంది. దానిపైన పడమటి నుంచి పొడిగాలి వీస్తుంది. ఎండకు కాగిన నేల తేమగాలిని వేడెక్కిస్తే అది తేలికై పైకి లేస్తుంది. తూర్పు కనుమల వాలు దాన్ని ఇంకా పైకి నెడుతుంది. పైన చల్లబడి మబ్బవుతుంది. ఆ మబ్బులో మంచు రేణువులు ఒకదానితో ఒకటి రాసుకొని విద్యుదావేశం పెరుగుతుంది. అదే మెరుపుకు, పిడుగుకు కారణం.

ముందుగా ఎంతవరకు చెప్పగలరు?

తుపాను రాకను కొన్ని రోజుల ముందే చెప్పవచ్చు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటక ముందే లక్షలాది మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించగలిగారు. ఉరుముల మబ్బు అలా కాదు. అది చిన్నది, దాని ఆయుష్షు తక్కువ. రేపు జిల్లాలో ఉరుములు రావచ్చని చెప్పగలరు గాని, ఏ ఊళ్ళో ఏ గంటకు అన్నది చెప్పలేరు. అందుకే వాతావరణ శాఖ రాడార్లతో మబ్బుల కదలికను చూస్తూ రాబోయే మూడు గంటలకు హెచ్చరిక ఇస్తుంది. దీనిని 'నౌకాస్ట్' అంటారు. గోపాల్‌పూర్‌లో కూడా డాప్లర్ రాడార్ ఉంది. హెచ్చరికలో పసుపు రంగు ఉంటే గమనిస్తూ ఉండాలని, నారింజ రంగు ఉంటే సిద్ధంగా ఉండాలని, ఎరుపు రంగు ఉంటే వెంటనే జాగ్రత్తపడాలని అర్థం.

చిన్న లెక్క

ధ్వని కిలోమీటరు దూరం రావడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. మెరుపు కనిపించిన 12 సెకన్లకు ఉరుము వినిపిస్తే పిడుగు 4 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. ఆ మబ్బు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో మనవైపే వస్తుంటే 6 నిమిషాల్లో నెత్తిమీద ఉంటుంది. పిడుగు మబ్బుకు 10 కిలోమీటర్ల దూరంలోనూ పడవచ్చు. కనుక ఉరుము వినబడగానే ఇంట్లోకి వెళ్ళాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు బయటికి రాకూడదు. చెట్టు కింద నిలబడడం, చెరువులో దిగడం ప్రాణానికే ప్రమాదం.

మెరుపు వరద

గంటలో 50 మి.మీ. వాన ఒక చదరపు కిలోమీటరు మీద కురిస్తే 5 కోట్ల లీటర్ల నీరు! మట్టినేల అందులో కొంత పీల్చుకుంటుంది. సిమెంటు వీధి పీల్చుకోదు. నీరంతా కాలువలకు, పల్లానికి పరుగెడుతుంది. వాన మొదలైన ఆరు గంటల లోపలే వచ్చే ఇలాంటి వరదను 'మెరుపు వరద' అంటారు. కొండవాగుల్లో పైన కురిసిన వానకు కింద ఎండ కాస్తుండగానే నీరు రావచ్చు. అడుగు లోతు ప్రవాహం మనిషిని పడగొట్టగలదు, రెండడుగుల ప్రవాహం కారును కొట్టుకుపోనిస్తుంది. కాబట్టి పారే నీటిని దాటవద్దు.

తల్లిదండ్రులకు మనవి

పిడుగుపాటును ఒడిశా ప్రభుత్వం 2015లో రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. హెచ్చరికలు ఎక్కువగా ఒడియాలో, ఇంగ్లీషులో వస్తాయి. ఇంట్లో తెలుగు మాత్రమే తెలిసిన పెద్దలుంటే అవి వారికి అందవు. ఫోనులో 'బజ్రపాత' (పిడుగు), 'బన్యా' (వరద) అన్న మాటలు కనిపిస్తే పిల్లలు వెంటనే తెలుగులో చదివి చెప్పాలి. పొలానికి, సంతకు బయలుదేరిన తాతగారిని ఆపడానికి ఆ ఒక్క మాట చాలు. చదువు ఇంటికి ఉపయోగపడడమంటే ఇదే.

అభ్యాసం

1. మెరుపుకు, ఉరుముకు మధ్య 21 సెకన్లు పట్టింది. పిడుగు ఎంత దూరంలో ఉంది? మీరు బయట ఉండవచ్చునా?
2. మీ వీధిలో వాననీరు ఎటు పారుతుంది? పటం గీసి పెద్దలకు చూపండి.