చూపు తక్కువైతే చదువు మాన్పించాలా?

ప్రశ్న: మాది పెందుర్తి. డిగ్రీలో చేరిన మా అబ్బాయికి చూపు బాగా తక్కువ. బోర్డు కనిపించదు, పరీక్షలో టైం చాలడం లేదు. మాన్పించేయమంటారా? – ఒక తల్లి

జవాబు: వద్దమ్మా, మాన్పించకండి. బోర్డూ, ప్రశ్నపత్రమూ చూపున్నవాళ్ల కోసమే తయారవుతున్నాయి. బాబు వెనకబడుతున్నది అందుకే. తగిన సదుపాయాలు కల్పించాల్సిన బాధ్యత 2016 వికలాంగుల హక్కుల చట్టం కాలేజీల మీదే పెట్టింది.

వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే ముందు యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు తీయించండి. దాని నకలు జతచేసి, పరీక్షలకు చాలా ముందే ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు ఇవ్వండి. రాసిపెట్టే మనిషినీ, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయాన్నీ అడగండి. మూడు గంటల పేపరుకు నిండుగా ఇంకో గంట! దరఖాస్తు అందినట్టు ముద్ర వేయించుకోవడం మరవకండి. ఇక పాఠాల సంగతి: లెక్చరర్లు నోట్సు వర్డ్ ఫైలుగా ఇస్తే ఫోనే తెలుగులో చదివి వినిపిస్తుంది.

కాలేజీ పట్టించుకోకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. చూపు ఇంకా తగ్గుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా కంటి డాక్టర్‌కు చూపించండి.