షాగస్ వ్యాధిక్రిములను లెక్కించుట

బ్రెజిలు దేశమున బీదవారి యిండ్ల మట్టిగోడల నెఱ్ఱెలలో, నల్లికి దూరపు చుట్టమైన యొక పెద్ద పురుగు కాపురముండును. అది రాత్రివేళ బయలువెడలి నిద్రించువారి ముఖమును కుట్టి రక్తము త్రాగును గనుక అచ్చటివారు దానికి ‘మంగలి’ యని పేరిడిరి. మలేరియాను అణచుటకై లస్సాన్స్ అను గ్రామమునకు పంపబడిన కార్లోస్ షాగస్ అను వైద్యుడు ఈ పురుగు ప్రేవులలో తోకగల సూక్ష్మజీవులను జూచెను. రియో డి జనీరోలోనున్న తన గురువు ఓస్వాల్డో క్రూజునకు కొన్ని పురుగులను పంపగా, ఆయన వానిచేత చిన్నజాతి కోతులను కుట్టించెను. కొన్ని వారములలో ఆ కోతుల రక్తమున క్రిములు కానవచ్చెను. ఆ పిమ్మటనే, 1909వ సంవత్సరము ఏప్రిలు నెలలో, షాగస్ జ్వరపడిన యొక రెండేండ్ల బాలిక రక్తమునందు వానిని కనుగొనెను. ఈ వ్యాధి చరిత్రలో ప్రయోగశాల జంతువు రోగికంటె ముందు వచ్చినదన్న మాట. క్రిమికి గురువుగారి పేరు చేర్చి ట్రిపనోసోమా క్రూజీ యని నామకరణము చేసిరి.

రోగము తగిలిన తొలివారములలో క్రిములు రక్తమున మెండుగా తిరుగును. తరువాత శరీరము వానిని అణచివేయగా రోగి స్వస్థుడైనట్లే యుండును. కాని మిగిలిన క్రిములు అవయవములలో దాగియుండి, పది యిరువది యేండ్లు గడచిన పిమ్మట ముగ్గురు నలుగురిలో నొకరికి గుండెను చెఱచును. మందు పనిచేసినదో లేదో తెలిసికొనుటకు ఇరువదియేండ్లు కనిపెట్టుట యెట్లు? అందుచేతనే చిట్టెలుకలకు రోగము నంటించి, మందిచ్చి, క్రిములను లెక్కింతురు.

విద్యార్థులారా, పలకా బలపము తీసికొనుడు. చిట్టెలుక తోకకొననుండి 5 మైక్రోలీటర్ల రక్తము, అనగా మిల్లీలీటరులో 200వ వంతు, తీసి గాజుపలకపై నుంచి, 22 మిల్లీమీటర్ల భుజముగల చతురస్రపు పలుచని గాజుబిళ్లను కప్పుదురు. దీనికి రంగు వేయరు, ఎండబెట్టరు. ఏలయనగా క్రిమి బ్రదికియుండి, ఎఱ్ఱకణములను త్రోసికొనుచు మెలికలు తిరుగునప్పుడే సులువుగా కంటికి చిక్కును. సూక్ష్మదర్శినిలో ఒక్కమారు కనబడు గుండ్రని చోటునకు క్షేత్రమని పేరు. అట్టి 50 క్షేత్రములలోని క్రిములను లెక్కించి, తగిన గుణకముచే హెచ్చింతురు. ఇది పిజ్జీ, బ్రెనర్ అనువారి పేర ప్రసిద్ధమైన పద్ధతి.

గాజుబిళ్ల వైశాల్యము 484 చదరపు మిల్లీమీటర్లు. క్షేత్రపు వ్యాసము 0.45 మిల్లీమీటరు అనుకొందము. అప్పుడు దాని వైశాల్యము సుమారు 0.16. భాగింపగా బిళ్లక్రింద సుమారు 3,000 క్షేత్రములున్నవి. మనము చూచినవి 50, అనగా 60వ వంతు. 10 క్రిములు కనబడినచో బొట్టంతటను 600, మిల్లీలీటరునకు 1,20,000. సూక్ష్మదర్శిని మారినచో క్షేత్రము మారును గనుక ఒకరి గుణకమును మఱియొకరు ఎరువు తెచ్చుకొనరాదు.

ఇప్పుడు ఒక్క క్రిమియే కనబడినదనుకొనుడు. అదియు మిల్లీలీటరునకు 12,000 అగును! చిట్టెలుక శరీరమందలి రక్తమంతయు సుమారు ఒకటిన్నర మిల్లీలీటరు మాత్రమే. కావున ఏమియు కనబడనప్పుడు సున్న యని వ్రాసి, క్రిములు లేవనుట తప్పు. వేలకొలది యున్నను మన 50 క్షేత్రములలో ఒక్కటియు పడకపోవచ్చును. ఇంకొక చిక్కు కలదు. కొన్ని తెగల క్రిములు ఎనిమిదవ దినము ప్రాంతమున మిక్కిలి హెచ్చి, మందు లేకున్నను తగ్గిపోవును. మందివ్వని చిట్టెలుకల గుంపును ప్రక్కన నుంచి పోల్చనిచో ఆ తగ్గుదల మందు మహిమయని భ్రమపడుదుము.

క్రిమి డి.ఎన్.ఏ. తునుకలను లక్షలరెట్లు పెంచి కొలుచు పి.సి.ఆర్. పద్ధతి ఇంతకంటె చాల నిశితమైనది. అయినను అదియు మనము తీసిన రక్తమును గూర్చియే చెప్పగలదు. పొసకొనజోల్ అను మందు చిట్టెలుకలలో మంచి ఫలితము చూపినందున, స్పెయిను దేశమున రోగుల కిచ్చి చూచిరి. మందు పుచ్చుకొనుచున్నంతకాలము ఇంచుమించు అందఱి రక్తమునను క్రిమిజాడ లేదు. మానిన పిమ్మట పదిమందిలో ఎనిమిదిమందికి పైగా మరల కనబడెను. 2014లో ఈ సంగతి ప్రకటింపబడినప్పుడు, ఆశపెట్టుకొన్న రోగులకు కలిగిన దుఃఖము ఊహింపదగినది.

అదే యేట లండనులోని పరిశోధకులు వేఱొక ఉపాయమును వెల్లడించిరి. మిణుగురుపురుగు వెలుగునకు మూలమైన జన్యువును, ఎఱ్ఱని కాంతి నిచ్చునట్లు మార్చి, క్రిమిలో చేర్చిరి. చిట్టెలుకకు లూసిఫెరిన్ అను పదార్థము నెక్కించి, మత్తునిచ్చి, చీకటిపెట్టెలో కెమెరా యెదుట నుంచగా, క్రిములున్న చోట వెలుగు కనబడును. దానిని చంపనక్కరలేదు, ఒక్క చిట్టెలుకనే నెలల తరబడి చూడవచ్చును. రోగము ముదిరిన చిట్టెలుకలలో ఆ వెలుగు అందఱు ఎదురుచూచిన గుండెలో అరుదుగాను, పెద్దప్రేవునందును జీర్ణకోశమునందును తఱచుగాను కనబడెను! తోకకొన బొట్టులో వెదకినవారికి అది యెట్లు దొరకును?

ఈ వెలుగునకును హద్దు కలదు. క్రిములు మిక్కిలి కొద్దిగా నున్నచో కెమెరాకు చిక్కవు. కాబట్టి వెలుగు ఆఱిన చిట్టెలుకలకు శరీరరక్షణశక్తిని తగ్గించు మందునిచ్చి, దాగిన క్రిములు పెరుగుటకు ఎడమిచ్చి, మరల చూతురు. 2015లో పొసకొనజోలును ఇట్లు పరీక్షింపగా, స్వస్థత నొందినవనుకొన్న చిట్టెలుకలలో అనేకమునకు వెలుగు తిరిగి వచ్చెను. పాతమందగు బెంజ్నిడజోల్ పుచ్చుకొన్నవానిలో చాలవాటికి రాలేదు.