సామ్యము – సమస్థితి : ఒక అనువాద విచారము

శరీరము తన లోపలి పరిస్థితులను నిలుపుకొను వ్యాపారమునకు పాశ్చాత్యులు 'హోమియోస్టాసిస్' అని పేరిడిరి. తెలుగున దీనిని 'సమస్థితి' అనవచ్చును, 'ధాతుసామ్యము' అనియు అనవచ్చును. నేనును చిరకాలము ఈ రెంటిని పర్యాయములుగనే బోధించితిని. అది సరికాదని ఇప్పుడు తోచుచున్నది.

ఉస్మాన్‌సాగర్ చెంత చిల్కూరు బాలాజీ ఆలయమున భక్తులు మొదట 11 ప్రదక్షిణములు చేసి కోరిక విన్నవింతురు. అది సిద్ధించిన పిదప 108 చేయుదురు. వైశాఖమాసమున ఆ నూటయెనిమిదియు త్వరితగతిని ముగించిన వానిని గమనింపుడు. కండరములు వేడిని పుట్టించినవి. వెలుపలి గాలియు వేడియే. అయినను లోపలి ఉష్ణము కొంచెము పెరిగియు 37 డిగ్రీల సెల్సియస్ దరిదాపులనే నిలుచును. మెదడులోని హైపోథాలమస్ వేడిమిని కనిపెట్టగా చర్మమందలి రక్తనాళములు విప్పారును, స్వేదము పుట్టును. ఒక లీటరు చెమట ఆవిరియైనచో సుమారు 580 కిలోకేలరీల వేడి తొలగును. ఊరక కారిపోయిన చెమటకు ఆ ఫలము లేదు. ఉక్కపోత దినమున నడక దుర్భరమగుట అందువలననే. నీరు తగ్గగా దాహము కలుగును, మూత్రము తగ్గును. (మా వంటి వృద్ధులకు దాహము ఆలస్యముగ తెలియును గనుక దానిని నమ్మి కూర్చుండరాదు.)

ఇది ధాతుసామ్యమేనా? చరకసంహిత ధాతుసామ్యమును శాస్త్రప్రయోజనముగ చెప్పినది, వైషమ్యము రోగము. కావున సామ్యము ఆరోగ్యమునకు లక్షణము. ఇక జ్వరితుని చూడుడు. అతనికి సామ్యము చెడినది. హోమియోస్టాసిస్ మాత్రము చెడలేదు. హైపోథాలమస్ హెచ్చు ఉష్ణమును గమ్యముగ నిర్ణయించుకొన్నది. దానిని చేరుటకే చలియు వణకును. జ్వరము దిగునప్పుడు గమ్యము తగ్గును, చెమట పట్టును. వైషమ్యమందును పనిచేయుదానిని సామ్యమనుట ఎట్లు? ఒకటి వైద్యుడు సాధింపవలసిన ఫలము, వేరొకటి దేహము ఎడతెగక చేయు వ్యాపారము. రెంటిని కలిపి చెప్పినచో విద్యార్థి జ్వరమున ఈ వ్యాపారమే నిలిచినదని భ్రమించును.

'సమస్థితి' మాట వేరు. 1926లో ఈ పదమును కల్పించిన వాల్టర్ కానన్, 'అదియే' అను అర్థముగల 'హోమో'ను విడిచి, 'దానివంటిది' అను అర్థముగల 'హోమియో'ను గ్రహించెను. లోపలి స్థితి కొంత హెచ్చుతగ్గులకు లోబడునదే గదా. అమరకోశము సమశబ్దమును తుల్య, సదృశ శబ్దములతో కూర్చి చెప్పినది. ఆ సదృశార్థమున గ్రహించినచో 'సమస్థితి' నిర్దుష్టము. 'స్థితి' యనగా కదలిక లేమి యని మాత్రము పాఠము చెప్పరాదు.