ప్రకటనను చదవడం నేర్చుకుందాం

ఇంటర్, డిగ్రీ కలిపి ఐదేళ్ళు నేను మన హాస్టల్లోనే ఉన్నాను. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేనే. తర్వాత జర్నలిజంలో పీజీ చేసి, ఏడాదిగా హైదరాబాద్‌లో ఒక చిన్న ప్రకటనల సంస్థలో కాపీరైటర్‌గా పనిచేస్తున్నాను. ఈ మాట చెబితే మా ఊళ్ళో "పరీక్షల్లో కాపీ రాసేదానికి కూడా జీతమిస్తారా?" అని అడిగారు! కాపీరైటర్ అంటే ప్రకటనలోని మాటలు రాసేవాడు. కరపత్రం, గోడ మీది పోస్టరు, రేడియో ప్రకటన, ఫోన్‌లో కనిపించే పోస్టు, దేనికైనా మాటలు కావాలి కదా. ఈ ఏడాదిలో నేను నేర్చుకున్న నాలుగు విషయాలు మీకు ఉపయోగపడతాయని ఈ వ్యాసం రాస్తున్నాను.

బ్రాండ్ అంటే ఏమిటి?

ఇంగ్లీషులో ఈ మాట కాల్చడం అనే అర్థం నుంచి వచ్చింది. తమ పశువులను గుర్తుపట్టడానికి వాటి ఒంటి మీద కాల్చి ముద్ర వేసేవారు. మన గొర్రెల కాపరులు ఒక మంద ఇంకో మందలో కలిసిపోకుండా వీపు మీద రంగు పూస్తారు చూడండి, అదీ ఇదీ ఒకటే పని. దుకాణంలో పది సబ్బులున్నప్పుడు ఒకటి మాత్రమే మనకు గుర్తుండాలి. అందుకే ఒక పేరు, ఒక రంగు, ఒక వాక్యం మళ్ళీ మళ్ళీ చూపిస్తారు. ఏ కంపెనీ బట్టల పొడినైనా మన ఇళ్ళలో "సర్ఫు" అనే అంటాం. అది ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. ఆ పేరు వస్తువుకే పేరైపోయింది. బ్రాండ్ బలం అంటే ఇదే.

అవసరం, లోటు

అన్ని ప్రకటనలూ చెడ్డవి కావు. 1983లో తమిళనాడులోని కడలూరులో సి.కె. రంగనాథన్ 15 వేల రూపాయలతో షాంపూ వ్యాపారం మొదలుపెట్టారు. అదే చిక్ షాంపూ. సీసా కొనలేనివాళ్ళ కోసం చిన్న సాచెట్లలో అమ్మారు. ఖాళీ సాచెట్లు తెచ్చినవారికి ఒకటి ఉచితంగా ఇచ్చారు. పల్లెల్లో జనాన్ని కూర్చోబెట్టి తల ఎలా రుద్దుకోవాలో చేసి చూపించారు. బడి హాస్టల్లో కాస్మెటిక్ డబ్బులతో సాచెట్లు కొన్న మనకు దాని విలువ తెలుసు. అక్కడ అవసరం ముందే ఉంది, వస్తువు తర్వాత వచ్చింది.

రెండో రకం ప్రకటన ముందు మనలో లోటు పుట్టిస్తుంది. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము ప్రకటనల్లో నల్లగా ఉన్న అమ్మాయికి పెళ్ళి కుదరదు, ఉద్యోగం రాదు. క్రీము రాసుకోగానే అన్నీ వస్తాయి. ఇటువంటి ప్రకటనలు ఎన్నో ఏళ్ళు నడిచాయి. నల్లని ఒంటిరంగును తక్కువ చేసి చూపకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో నియమం పెట్టింది. 2020లో కంపెనీ ఆ క్రీము పేరును గ్లో అండ్ లవ్లీగా మార్చింది. పేరు మారింది సరే, ఇన్నేళ్ళలో అద్దం ముందు తలదించుకున్న పిల్లల సంగతి ఎవరు చెప్పాలి?

ఫోన్‌లో ప్రకటన

ఫోన్‌లో వచ్చే ప్రకటన చాలాసార్లు ప్రకటనలా కనిపించదు. మనం రోజూ చూసే అన్న ఎవరో "నేను వాడుతున్నాను, చాలా బాగుంది" అంటాడు. స్నేహితుడి మాటలా వింటాం. డబ్బు తీసుకుని చెప్పినప్పుడు అది ప్రకటన అని స్పష్టంగా తెలపాలని 2021లో ప్రకటనల ప్రమాణాల మండలి, 2023లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చాయి. "స్పాన్సర్డ్", "పెయిడ్ ప్రమోషన్" అనే మాటలు ఎక్కడో మూలన కనిపిస్తే, అది అమ్మకం అని గుర్తుంచుకోండి. మనం ఏది ఎక్కువసేపు చూస్తామో లెక్కగట్టి దానికి తగ్గ ప్రకటనే మనకు పంపుతారు. ఉద్యోగాల గురించి ఒక్కసారి వెతికితే చాలు, మర్నాటి నుంచి కోచింగ్ ప్రకటనలు వరుస కడతాయి.

నాకు ఖరీదైన పాఠం

డిగ్రీ చివరి సంవత్సరంలో హోటల్లో టీ తాగుతుంటే దినపత్రిక మధ్య నుంచి ఒక కోచింగ్ సంస్థ కరపత్రం జారిపడింది. దాని నిండా విజేతల ఫోటోలు. పైన "100 శాతం ఉద్యోగం" అని ఉంది. మా నాయన చదువుకోలేదు. ఇంటికి తీసుకెళితే అరుగు మీద కూర్చుని "చదువు బిడ్డా" అన్నాడు. నేను చదివి వినిపించాను. వారం తిరక్కుండానే నాలుగు మేకలు అమ్మి 25 వేలు నా చేతిలో పెట్టాడు.

చేరిన రెండు నెలలకు తెలిసింది. ఆ ఫోటోల్లో ఎక్కువమంది అక్కడ చదువుకోలేదు. రెండు రోజుల ఉచిత ఇంటర్వ్యూ తరగతికి వచ్చి వెళ్ళినవాళ్ళు. కరపత్రం తీసుకెళ్ళి అడిగితే కౌంటర్లో ఉన్నాయన అడుగున చుక్క గుర్తు చూపించి "రాశాం కదా" అన్నాడు. నిజమే, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. నాయనకు చదివింది నేనే, ఆ వరస చదవనిదీ నేనే.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మూడో నెల ఒక కోచింగ్ కరపత్రం నా బల్ల మీదికి వచ్చింది. ఉచిత తరగతి సంగతి కింద చిన్నగా వేయమన్నారు. వేశాను. కొత్త ఉద్యోగం, గది అద్దె కట్టాలి. ఆ కరపత్రాన్ని ఏ అరుగు మీద ఏ కొడుకు చదివి వినిపించాడో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనలకు నిబంధనలు తెచ్చింది. విజేత ఫోటో వేయాలంటే, అతను గెలిచిన తర్వాత రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఏ కోర్సు చదివాడో, ఫీజు కట్టాడో లేదో ఫోటోతో పాటు చెప్పాలి. ఉద్యోగం గ్యారంటీ అనకూడదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల వరకు, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా ఉంది. తర్వాత ఇంకో సంస్థ పని వచ్చినప్పుడు ఈ నిబంధనలు ప్రింటు తీసి మా మేనేజరు గారి ముందు పెట్టాను. ఆ సంస్థవారు మొదట ఒప్పుకోలేదు. జరిమానా అంకె చూశాక ఒప్పుకున్నారు. ప్రతి ఫోటో కింద కోర్సు పేరు పడింది.

ఏ ప్రకటన చూసినా ఈ ఐదు ప్రశ్నలు వేయండి

1. చుక్క గుర్తు ఉందా? ఉంటే ముందు అడుగు వరస చదవండి.
2. ఫోటోలోని వ్యక్తి అక్కడ ఏం చదివాడు, ఎన్నాళ్ళు చదివాడు?
3. "నంబర్ 1" అని ఎవరు తేల్చారు? ఏ సంవత్సరంలో?
4. ధర అదే ఉండి బరువు తగ్గిందా? గ్రాముకు ఎంత పడుతోంది?
5. ఈ ప్రకటన చూడకముందు నాకు ఈ లోటు ఉందా?

ఫీజు కడితే రసీదుతో పాటు కరపత్రం కూడా ట్రంకు పెట్టెలో దాచుకోండి. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు. నాకు అప్పుడు ఈ నంబరు తెలియదు.

తమ్ముళ్ళారా! మన ఇళ్ళలో మందు చీటీ నుంచి బ్యాంకు కాగితం దాకా చదివి చెప్పేది మనమే. అమ్మానాన్నలు మన గొంతును నమ్మి వేలిముద్ర వేస్తారు. మేకలు పోయినందుకు నాయన నన్ను ఒక్క మాట అనలేదు. "పోతే పోయినై, నీ చదువు ఆపకు" అన్నాడు. ఆ రుణం నేను ఇంకా తీర్చుకోవాలి. మీరు మాత్రం పెద్ద అక్షరాలతో పాటు చిన్న అక్షరాలు కూడా గట్టిగా చదివి వినిపించండి.