కృష్ణాతీరాన యవన మధుదేవత

హైదరాబాదు పాతనగరంలో, మూసీనది దక్షిణతీరాన ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో సందర్శకులు ఆగి చూసే శిల్పం 'ముసుగు రెబెక్కా'. ఇటలీ శిల్పి బెంజోని మలచిన ఈ పాలరాతి ప్రతిమను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమునగరంలో సేకరించాడు. అంతకు పదహారు శతాబ్దాల ముందే మరొక పాశ్చాత్య రూపం తెలుగునేలకు చేరింది. అయితే అది ఓడలో వచ్చిన విగ్రహం కాదు. ఇక్కడి రాతిపైనే చెక్కిన రూపం.

ఆ రూపాన్ని గుర్తించడానికి ముందుగా గ్రీకుల మట్టిపాత్రలను పరిశీలించాలి. మన పూర్వులు గ్రీకులను యవనులన్నారు. యవనుల మధుదేవత డయోనిసస్. క్రీ.పూ. 530 ప్రాంతంలో ఏథెన్సు కళాకారుడు ఎక్సేకియాస్ ఒక పానపాత్ర లోపలి భాగాన ఈ దేవుణ్ణి చిత్రించాడు. దేవుడు నావలో పవళించి ఉంటాడు. తెరచాప కొయ్యను అల్లుకొన్న ద్రాక్షతీగకు గుత్తులు వేలాడుతుంటాయి. చుట్టూ ఏడు డాల్ఫిన్లు ఈదుతుంటాయి. తనను బంధించిన సముద్రపు దొంగలను అతడు డాల్ఫిన్లుగా మార్చాడన్న కథకు ఇది చిత్రరూపం. పాత్రలో మధువు తరిగేకొద్దీ నావ కనిపిస్తుంది. ఈ పాత్ర నేడు జర్మనీలోని మ్యూనిక్ నగరంలో ఉన్నది. గడ్డం, ఆకుల కిరీటం, పానపాత్ర, ద్రాక్షతీగ గ్రీకు పాత్రలపై ఈ దేవుని ముఖ్య చిహ్నాలు.

క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకులు కృష్ణాతీరాన విజయపురిని రాజధానిగా చేసుకొని పాలించారు. అదే నాగార్జునకొండ. అక్కడి రాజభవన ప్రదేశంలో లభించిన స్తంభంపై ఒక పురుషుడు నిలిచి ఉన్నాడు. అతనికి గడ్డం ఉన్నది. నడుముపై వస్త్రం లేదు. చేతిలో కొమ్ముపాత్ర, చెంత మధుభాండం ఉన్నాయి. శకుల వేషం ధరించిన భటుని శిల్పం, రోమన్ బంగారు నాణేలు కూడా నాగార్జునకొండలోనే లభించాయి. విదేశీయులతో ఈ నగరానికి గల సంబంధాన్ని ఇవి చాటుతున్నాయి.

ఈ రూపం డయోనిసస్‌దేనని పలువురు పండితులు భావించారు. కాని కొమ్ముపాత్ర, భాండం మద్యపానాన్ని సూచిస్తాయే గాని దైవత్వాన్ని నిరూపించవు. విజయపురిలో ఈ దేవునికి పూజలు జరిగాయనడానికి అవి చాలవు. రాజభవనానికి అలంకారంగానే దీనిని చెక్కి ఉండవచ్చు.

అందుకే శిల్పం ఎక్కడ దొరికిందన్నది ముఖ్యం. నాగార్జునసాగర్ జలాశయంలో లోయ మునగక ముందు, 1954-60 మధ్య పురావస్తు శాఖ విస్తృతంగా త్రవ్వకాలు జరిపింది. శిల్పాలను కొండపైకి చేర్చి భద్రపరిచారు. ఆ కొండ నేడు ద్వీపం. రాజభవనస్థలం నీటి అడుగున ఉన్నది. దానిని గురించి చెప్పగలిగినవి ఇక ఆ రాళ్ళు, త్రవ్వినవారి లిఖిత వివరాలు మాత్రమే.

అర్థాలు: భాండం = పెద్ద కుండ; చిహ్నం = గుర్తు; చెంత = దగ్గర

ప్రశ్నలు
1. గ్రీకు పాత్రలపై మధుదేవతను ఏ చిహ్నాలతో గుర్తిస్తారు?
2. నాగార్జునకొండ శిల్పాన్ని దేవతారూపమని నిశ్చయించడం ఎందుకు కష్టం? వివరించండి.